మూడు వాచీలు, ఒక చీటీ

మార్చి 3, సోమవారం

ఈ ఏడాది డైరీ ఇవాళ తెరిచాను. జనవరి, ఫిబ్రవరి పేజీలన్నీ ఖాళీ. నాన్న పోయాక కలం పట్టబుద్ధి కాలేదు. కొత్త డైరీ కొన్న రోజు చేసే పని మాత్రం మానలేదు. పాత డైరీ వెనక అట్టకున్న చీటీ తీసి దీని వెనక అట్టకి పిన్నుతో గుచ్చాను. ఆ చీటీకి ఇది ఆరో డైరీ.

నిన్న అత్త వచ్చి నాన్న రేకు పెట్టె ఇచ్చి వెళ్ళింది. "ఇదిగోనే, మీ నాన్న ఆస్తి. మోయలేక చచ్చాను" అంది. లోపల మూడు వాచీలు. అన్నీ కలిపి పావుకిలో ఉంటాయేమో. అత్త సంగతి తెలిసిందే.

బంగారు రంగుది మిల్లు వాళ్ళు ఇచ్చింది, ముప్ఫై నాలుగేళ్ళు సైరన్ మోగించి రిటైరైనందుకు. రెండోది నాన్న రోజూ పెట్టుకున్నది, అద్దం మీద అడ్డంగా చీలిక. మూడోది తాతది. స్టీలుది, నల్ల డయలు, మసిబారిపోయి ఉంది. నాన్న దాన్ని చేతికి పెట్టుకున్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పొద్దున్నే కీ ఇచ్చి మళ్ళీ పెట్టెలో పెట్టేవాడు. నన్ను గుడ్డతో కూడా తుడవనిచ్చేవాడు కాదు. "ముట్టుకోకు" అనేవాడు. ఎందుకో ఎప్పుడూ చెప్పలేదు.

మూత లోపల ఒక కాగితం, నాన్న చేతిరాత. "అమ్మేయండి. ఇద్దరికీ సమానం. అమ్మే పని పెద్దదానిది."

నాన్నా, మళ్ళీ నా నెత్తినే పెట్టావా!

పోయినసారి అమ్మింది అమ్మ గొలుసు. అమ్మ ఆస్పత్రిలో ఉంది, గంటలో డబ్బు కట్టాలి, మొదట కనిపించిన కొట్లో అమ్మేశాను. అమ్మ దక్కలేదు. మూడో రోజున, ఇంటినిండా జనం ఉండగా, తమ్ముడు నన్ను అడిగాడు, "గొలుసు రేటు అంతేనా అక్కా?" అని. ఆ ఒక్క మాటే. అప్పటినుంచీ వాడితో నాకు మాటల్లేవు. ఆ కొట్టువాడు రాసిచ్చిన చీటీయే ఈ చీటీ. తమ్ముడు ఎప్పుడో ఒకప్పుడు మళ్ళీ అడుగుతాడు, అప్పుడు మొహాన కొడదామని దాచాను. ఆరేళ్ళయింది. వాడు అడగలేదు.

ఈసారి అలా కాదు. మూడు చోట్ల విలువ కట్టిస్తాను. ముగ్గురిచేతా రాయించుకుంటాను. ఆ తరవాతే అమ్ముతాను. వాడే కాదు, వాడి జేజమ్మ దిగొచ్చినా (అవును, నాక్కూడా జేజమ్మే, అయితే ఏం?) నన్ను వేలెత్తి చూపించడానికి లేకుండా చేస్తాను.

మార్చి 4, మంగళవారం

పెద్ద కత్తెర మొండిబారింది. వీధి చివర సానవాడి దగ్గరికి వెళ్ళొచ్చాను.

తాత వాచీ కూడా కొంచెం తుడిచాను. అబ్బ, ఎంత బాగుందో! ఇన్నాళ్ళూ మసి కింద ఇంత మెరుపుందని ఎవరికి తెలుసు? ఇస్త్రీ లేకుండా ఒక్క బట్ట కూడా నా టైలరింగ్ కొట్టు గడప దాటదు, ఇరవై ఆరేళ్ళుగా అదే నా పద్ధతి. అమ్మకానికి తీసుకెళ్ళే వస్తువుని మాసిన మొహంతో తీసుకెళతామా?

మార్చి 6, గురువారం

మధ్యాహ్నం కొట్టు మూసి మొదటి చోటికి వెళ్ళాను. పాత వాచీలు కొంటామని బోర్డు, గాజు బల్ల, బల్ల వెనక నవ్వే మనిషి. నేను కూర్చోకముందే నవ్వాడు, కూర్చున్నాక నవ్వాడు, నీళ్ళిచ్చి నవ్వాడు. ఆయనకి నవ్వులాయన అని పేరు పెట్టుకున్నాను.

మూడూ బల్లమీద పెట్టాను. బంగారు రంగుదాన్ని చేతిలోకి తీసుకుని, "ఆహా, దీనికమ్మా అసలు విలువ! ఇలాంటివి ఇప్పుడు దొరకవు" అన్నాడు. ఆ మాట అంటున్నంతసేపూ ఎడమచేతి బొటనవేలు మాత్రం తాత వాచీ మీదే ఉంది. కావలసిన గుడ్డని పక్కకి నెట్టి వేరే గుడ్డని మెచ్చుకునే కస్టమర్లని నేను రోజూ చూస్తాను. బేరం ఎక్కడుందో వేలు చెబుతుంది, నోరు కాదు.

"ఆ స్టీలుదో?" అన్నాను.

"అదా? పాతదమ్మా. పెద్దాయన వస్తువని తీసుకుంటాను గానీ..." అని చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పాడు. అంతలో నవ్వు ఆగింది. "ఇది మొదట్నుంచీ ఇలాగే ఉందామ్మా?"

"కొంచెం తుడిచాను."

"అయ్యో" అన్నాడు. వెంటనే మళ్ళీ నవ్వేశాడు. "ఏం లేదులెండి. మూడూ కలిపి పద్దెనిమిది వేలు. మీరు కాబట్టి."

నన్ను చూసి పది నిమిషాలైంది, అప్పుడే నేను 'మీరు కాబట్టి' అయిపోయాను. దేనికి ఎంతో విడివిడిగా కాగితం మీద రాసిమ్మన్నాను.

"రాసివ్వడాలు మా దగ్గర ఉండవమ్మా."

"అయితే అమ్మడాలు నా దగ్గర ఉండవండీ" అని పెట్టె మూసేశాను. వీధిలోకి వచ్చాక నా మాటకి నాకే ముచ్చటేసింది.

మార్చి 7, శుక్రవారం

ఆ "అయ్యో" ఎందుకన్నట్టు?

మార్చి 8, శనివారం

అత్త ఫోన్ చేసింది. తమ్ముడు అడుగుతున్నాడట, వాచీల పనిలో సాయం కావాలా అని.

"వద్దని చెప్పు."

"నువ్వే చెప్పొచ్చుగా?"

"నువ్వే చెప్పు."

"నేనేమన్నా టెలిఫోన్ తీగనుకున్నారా మీరిద్దరూ? ఇదివరకు మీ నాన్న మోశాడు, ఇప్పుడు నేను మొయ్యాలా? నేను కూడా పోతే ఎవర్ని పెట్టుకుంటారే?"

ఫోన్ పెట్టేశాను. అయినా సాయం దేనికి? నేనేం చేస్తున్నానో చూడ్డానికి కాకపోతే? అమ్మే పని పెద్దదానిది అని నాన్న రాశాడు. అంతే రాశాడు.

మార్చి 11, మంగళవారం

రెండో చోటు. పాత బజారులో ఒక మెట్లదారి కింద, మనిషి పట్టేంత గది. వాచీలు బాగుచేసే ముసలాయన, ఎనభై దగ్గర పడి ఉంటాయి. కుడి కంట్లో భూతద్దం ఇరికించుకుని ఉంటే ఆ కన్ను ఒక్కటే పెద్దదిగా నా వైపు తిరుగుతుంది. భూతద్దాయన.

ఈయన నవ్వడు. కూర్చోమనీ అనడు. బంగారు రంగుదాన్ని రెండు క్షణాలు చూసి పక్కన పెట్టాడు. "పైపూత. మిల్లువాళ్ళు ఇలాంటివి టోకున కొని పంచేవాళ్ళు. ఇంట్లో ఉంచుకో తల్లీ, అమ్మితే అవమానం." రోజూ పెట్టుకున్నదాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు. "మంచి పనివాడు. ధర లేదు."

తాతదాని వెనక మూత విప్పాడు. ఎంత బాగుంటుందో లోపల! మూత లోపలి వైపు సూదితో గీసినట్టు సన్నటి అంకెలు. బాగుచేసిన ప్రతివాడూ తన గుర్తు, తారీకు గీసి పెడతాడట, పైకి కనబడకుండా. తొమ్మిది గుర్తులున్నాయి. ఆరేడేళ్ళకొకసారి తప్పకుండా శుభ్రం చేయించారని చెప్పాడు. కుట్టు మంచిదో చెడ్డదో తెలియాలంటే నేను బట్ట తిరగేసి చూస్తాను. ఈయనదీ అదే చూపు. విలువ కట్టడానికి ఏమేం చూడాలో చెప్పాడు. యంత్రం మొదటిదేనా, డయలు మీద మళ్ళీ రంగు వేశారా, ముళ్ళు మార్చారా, పైన స్టీలు ఒళ్ళు ఎలా ఉంది. ఇంకేవో చెప్పాడు.

తాతదానికి ముప్ఫై ఐదు వేలు. కాగితం మీద రాసి సంతకం పెట్టిచ్చాడు. నవ్వులాయన మూడింటికీ కలిపి అందులో సగం అన్నాడు, దొంగమొహం!

మార్చి 12, బుధవారం

కాగితం ఉంది. ముప్ఫై ఐదు. ఇక నన్ను ఎవరూ వేలెత్తి చూపించలేరు.

మార్చి 13, గురువారం

ఒకే ప్యాంటుకి ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి కుట్టాను. ఇరవై ఆరేళ్ళలో ఇదే మొదటిసారి. కస్టమరు అద్దం ముందు నిలబడి, "నేనేమన్నా కుంటుతున్నానా?" అన్నాడు పాపం.

మూడో చోటికి వెళ్ళడం అనవసరం అనిపిస్తోంది. ఒక కాగితం ఉన్నాక ఇంకోటి ఎందుకు, చాదస్తం కాకపోతే. అత్త చేత వాడికి కబురు పంపి, అమ్మేసి, సగం సగం పంచేస్తే సరి.

మార్చి 15, శనివారం

తమ్ముడు ఫొటో పంపాడు, అత్త ఫోనుకి. అత్త నాకు పంపింది. కిందటేడాది నాన్న పుట్టినరోజున తీసిందట, తాత వాచీ ఆ రోజు పెట్టుకున్నాడట. నాన్న చెయ్యీ వాచీ పెద్దవిగా, స్పష్టంగా ఉన్నాయి. "ధర కట్టేవాళ్ళకి పనికొస్తుందేమో, అక్కకి పంపు అత్తా" అన్నాడట.

ఒళ్ళు మండిపోయింది. సాక్ష్యం పంపాడు వీడు! వాచీ ఎలా ఉండేదో నా దగ్గర ఆధారం ఉంది సుమా అని చెప్పడం కాకపోతే ఇదేమిటి? వాడి బుద్ధి మారదు. ఆరేళ్ళ కిందట ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు. అత్తకి ఫోన్ చేసి కేకలేశాను.

అత్త అంతా విని, "వాడు ఫొటో పంపితే నీకెందుకే అంత ఉలుకు?" అంది.

మార్చి 16, ఆదివారం

ఇవాళ కొట్టు లేదు. పొద్దున్నుంచీ ఆ ఫొటోనే చూస్తున్నాను. ఇక రాస్తాను. నా డైరీలో నేనే అబద్ధాలు రాసుకుంటే ఎవర్ని మోసం చేస్తున్నట్టు?

నాలుగో తారీకున నేను వాచీ తుడవలేదు. సానవాడికి కత్తెరతో పాటు అది కూడా ఇచ్చాను. వాడి దగ్గర గిన్నెలకి మెరుగు పెట్టే గుడ్డ చక్రం ఉంది. గిర్రున తిరుగుతుంటే వాచీని పెట్టాడు. ఒక నిమిషం అయ్యాక, "చాలామ్మా?" అన్నాడు. "ఇంకొంచెం" అన్నది నేనే. వెనక వైపు కూడా పెట్టమన్నది నేనే.

భూతద్దాయన మొదట అన్న మాట, "దీన్ని చక్రం మీద పెట్టిన మహానుభావుడెవరు తల్లీ?" అని. నేను పెట్టె మూత వైపు చూశాను. ఆయన వేలితో చూపించాడు. "ఈ అంచులు కత్తి అంచుల్లా ఉండాలి. అరగదీసిన సబ్బుబిళ్ళ చేశారు. ఇక్కడ సన్నగీతలు ఉండాలి, తయారుచేసిన వాళ్ళు గీసినవి. వెనక నంబరు ఉండాలి. అదీ పోయింది. పాత వాచీ కొనేవాడు మెరుపుని కొనడు తల్లీ. ఎవరూ చెయ్యి పెట్టని ఒంటిని కొంటాడు. మసి ఉంటే ఉండనీ, ఆ మసికి కూడా డబ్బిస్తాడు." పోయినేడాది ఇలాంటిదే ఆయన చేతుల మీదుగా తొంభై వేలకి పోయిందట. మాసిన మొహంతోనే. ఇది ఇప్పుడు ముప్ఫై ఐదు, అదీ యంత్రం బాగుంది కాబట్టి.

యాభై ఐదు వేలు. రెండు నిమిషాల్లో. తాత, నాన్న కలిసి అరవై ఏళ్ళు ముట్టుకోకుండా కాపాడింది, నేను "ఇంకొంచెం" అని పోగొట్టాను.

ఆయన కలం తీస్తుంటే, "ఇప్పటి రేటొక్కటే రాయండి" అన్నాను. భూతద్దం తీసి రెండు కళ్ళతో నన్ను చూశాడు. "అడిగిందే రాస్తాను" అన్నాడు. రాశాడు. అది అబద్ధం కాగితం కాదు. అందులో ఒక్క అక్షరం తప్పు లేదు. వాడికి ఇస్తే వాడు నమ్ముతాడు, సగం తీసుకుంటాడు, ఎప్పటికీ తెలీదు. ఐదు రోజులుగా అది పెట్టుకునే తిరుగుతున్నాను, తేలు కుట్టిన దొంగలా.

ఇంకొకటి కూడా ఉంది. నాన్న కాగితంలో నేను మూడు వాక్యాలే రాసుకున్నాను. నాలుగోది ఉంది. "అమ్మే పని పెద్దదానిది. చిన్నవాడు వెంట ఉండాలి." మొదటి రోజే చదివాను. చూడనట్టు ఊరుకున్నాను.

వాడు వెంట ఉండి ఉంటే? ఏమో. వాడు మాత్రం చక్రం దగ్గర నన్ను ఆపేవాడా? ఆపేవాడే. వాడిది ప్రతిదానికీ ఆగి చూసే రకం.

నాకు భయంగా ఉంది. చెబితే వాడు "అంతేనా?" అంటాడు. ఈసారి ఆ మాట నిజమవుతుంది.

చెబుతాను.

మార్చి 17, సోమవారం

పొద్దున్నే మెట్లదారి దగ్గర నిలబడ్డాను, ఆయన తలుపు తీయకముందే. ఫొటో చూపించాను. చక్రం మీద పెట్టిన మహానుభావురాలిని నేనేనని కూడా చెప్పాను.

"తెలుసు తల్లీ" అన్నాడు. "ఆ రోజు నీ మొహం మీదే రాసి ఉంది."

ఫోనుని భూతద్దం కింద పెట్టుకుని అంచులు చూశాడు, గీతలు చూశాడు. ఈ ఫొటోలో ఉన్నట్టుంటే ఎంత, ఇప్పుడు ఎంత, రెండూ పక్కపక్కన రాయించాను. తొంభై. ముప్ఫై ఐదు. కింద నేనే రాశాను: "తేడా నా వల్ల. మెరుగు పెట్టించాను." సంతకం చేశాను.

మార్చి 19, బుధవారం

మెసేజ్ పెట్టాను. "శనివారం కొట్టుకి రా. వాచీల సంగతి మాట్లాడాలి. అక్క." ఆ చివరి మాట పెట్టాలా వద్దా అని టీ చల్లారేదాకా ఆలోచించాను.

"వస్తానక్కా" అని జవాబు. నిమిషం కూడా కాలేదు. ఆరేళ్ళుగా ఫోన్ చేతిలో పట్టుకునే కూర్చున్నాడా ఏమిటి వీడు?

మార్చి 20, గురువారం

మాటంటే మాట. మూడో చోటికీ వెళ్ళాను. పెద్ద షోరూము, చల్లగా ఉంది, ఒక అమ్మాయి తెల్ల తొడుగులు వేసుకుని వాచీని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది. నేను నోరు తెరవకముందే, "పాలిష్ అయింది కదండీ" అంది. అయిందని చెప్పాను. ముప్ఫై మూడు, ముప్ఫై ఆరు మధ్యలో ఉంటుందని అచ్చు వేసిచ్చింది. భూతద్దాయన కాగితానికి గుండుసూదితో కలిపి పెట్టాను.

మార్చి 22, శనివారం

పదకొండింటికి వచ్చాడు. జుట్టు సగం నెరిసింది. నాన్న పోయినప్పుడు మంచానికి చెరో పక్కన ఉన్నాం గానీ ఆ రోజు నేను వాడిని చూడలేదు. కస్టమర్ల స్టూలు మీద కూర్చుని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక ఒళ్ళో పెట్టుకున్నాడు.

నేను మిషన్ దగ్గరనుంచి లేవలేదు. కాగితాలు చేతికిచ్చి, "చదువు" అన్నాను.

చదివాడు. మళ్ళీ చదివాడు.

"మెరుగు పెట్టించావా?"

"పెట్టించాను."

"చక్రం మీదా?"

"చక్రం మీదే."

వాడి పెదవి వణికింది. ఏడుస్తాడేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు, వెధవ! "అక్కా, స్కూల్లో ఫొటో తీసే రోజు గుర్తుందా? నా ప్లాస్టిక్ బెల్టు ముడతలు పడిందని ఇస్త్రీ చేశావు. సగం బెల్టు ఇస్త్రీపెట్టెకి అంటుకుపోయింది. ఫొటోలో ప్యాంటు చేత్తో పట్టుకుని నిలబడ్డాను."

"నవ్వకు. నవ్వడానికి పిలవలేదు నిన్ను. పోయినదాంట్లో సగం నీది. ఇరవై ఏడున్నర వేలు. నెలనెలా ఇస్తాను."

"నాకొద్దక్కా."

"నీకొద్దంటే కుదరదు. ఇప్పుడు వద్దంటావు, రేపు నలుగురి ముందు నిలబెట్టి అంతేనా అంటావు."

నవ్వు పోయింది. నేల మీది దారపు ముక్కని కాలితో పక్కకి నెట్టాడు.

"గొలుసు సంగతి నేను అప్పుడే కనుక్కున్నానక్కా."

"ఏం కనుక్కున్నావ్?"

"అలా అన్న వారానికి ఆ కొట్టుకి వెళ్ళాను. పక్కనే ఇంకో రెండు కొట్లలో అడిగాను. వాళ్ళు ఇంకా తక్కువ చెప్పారు. నువ్వు తెచ్చిందే ఎక్కువ."

పెడల్ మీద కాలు అలాగే ఉండిపోయింది. "ఎప్పుడన్నావ్?"

"వారానికి."

"ఆరేళ్ళ కిందట?"

"మర్నాడే వచ్చి చెబుదామనుకున్నాను. ఒక రోజు ఆలస్యమైంది. నెలయ్యాక మొహం చెల్లలేదు. ఏడాదయ్యాక ఎలా మొదలుపెట్టాలో కూడా తెలీలేదు."

"నాన్నకి తెలుసా?"

"చెప్పాను. నాకెందుకురా చెబుతావు, దానికి చెప్పు అన్నాడు. ఎప్పుడు వెళ్ళినా అదే అడిగేవాడు, చెప్పావా అని. ఆఖరి రోజు కూడా."

చేతిలో ఉన్న టేపు విసిరాను. తగల్లేదు. తగలాలనే విసిరాను. "మన కబుర్లు మోసి మోసి పోయాడురా ఆయన! పుట్టినరోజుకి నువ్వు పొద్దున, నేను సాయంత్రం వెళ్ళేవాళ్ళం. రెండుసార్లు భోజనం చేసేవాడు, మనిద్దరి కోసం! నేను పదకొండు రోజులు దాచి కుదురుగా ఒక ప్యాంటు కుట్టలేకపోయాను. నువ్వు ఆరేళ్ళు ఎలా ఉన్నావురా?"

బయటికి పొమ్మన్నాను. పోలేదు. వంగి టేపు తీసి, చుట్టచుట్టి, బల్లమీద పెట్టాడు.

సరిగ్గా అప్పుడే జిప్పు పోయిన సంచీ పట్టుకుని రోజూ వచ్చే పంతులమ్మ తలుపు తోసింది. ఇద్దరం మొహాలు తుడుచుకున్నాం. ఆవిడ వాడిని చూసి, "ఎవరండీ ఈయన?" అంది.

"మా తమ్ముడు" అన్నాను.

నా నోటితో ఆ మాట నేనే విని ఎంత కాలమైందో! సోమవారం రమ్మని ఆవిడని పంపేశాను. వాడు తల పక్కకి తిప్పుకుని గోడకున్న అద్దంలో చూసుకుంటున్నట్టు నటిస్తున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

డైరీ వెనక అట్టలోంచి చీటీ తీసి ముందు పెట్టాను. "ఇదిగో. నువ్వు అడుగుతావని దాచాను."

మడతల దగ్గర చిరిగిపోతోంది. జాగ్రత్తగా పట్టుకున్నాడు. "నేను అడిగేవాణ్ణి కాదక్కా. నాకు తెలుసుగా."

చీటీ జేబులో పెట్టుకున్నాడు. అడక్కుండానే పెట్టుకున్నాడు. నేనూ వద్దనలేదు.

ఆ తరవాత బేరం మొదలైంది. జీవితంలో ఇలాంటి బేరం చూడలేదు. నేను ఇస్తానంటాను, వాడు వద్దంటాడు. చివరికి నాన్న కాగితం వాడి చేతికిచ్చాను, నాలుగో వాక్యంతో సహా. దాని మీద వేలు పెట్టాడు.

"నాన్న నన్ను వెంట ఉండమన్నాడు. నేను లేను. ఉంటే చక్రం మీద పెట్టనిచ్చేవాణ్ణి కాదు."

"నీకు ఆ సంగతి నేను చెప్పలేదు."

"చెప్పకపోయినా రావాలి. సాయం కావాలా అని అత్తని అడిగి ఊరుకున్నాను. తప్పులో సగం నాది. ఇద్దరికీ సమానం అని రాశాడుగా? తప్పు కూడా సమానమే. పోయింది ఇద్దరికీ పోయింది. నువ్వు నాకు ఇవ్వాల్సింది లేదు."

ఆలోచించాను. ఎక్కడైనా కుట్టు వదులుగా ఉందేమోనని అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. లేదు. జాలిపడి వదిలేస్తే ఒప్పుకునేదాన్ని కాదు. ఇది జాలి కాదు. ఒప్పుకున్నాను.

వెళ్ళేటప్పుడు గడప దగ్గర ఆగి, "ఆ రోజు అందరి ముందూ అన్నాను. క్షమించమని ఒక్కదానివే ఉండగా అడిగితే సరిపోదు" అన్నాడు.

"సరిపోదు" అన్నాను. "అత్త ముందు అను. అత్తకి చెబితే అందరికీ చెప్పినట్టే."

మార్చి 24, సోమవారం

ఇద్దరం కలిసి మెట్లదారి కిందికి వెళ్ళాం. గదిలో ముగ్గురు పట్టరు, తమ్ముడు బయట మెట్టు మీద కూర్చున్నాడు. భూతద్దాయన కబురు పెట్టిన కొనుగోలుదారు వచ్చాడు, పాత వాచీలు దాచుకునే ఇంజనీరు. ఆయన చేతిలోకి తీసుకోకముందే చెప్పాను. "ఇది మెరుగు పెట్టిన వాచీ అండీ. పెట్టించింది నేనే. వెనక నంబరు పోయింది. మెరుగు ముందు ఫొటో ఇదిగో."

ఆయన నన్ను వింతగా చూశాడు. "అమ్మేవాళ్ళు ఇవన్నీ చెప్పరండీ" అన్నాడు.

"నేను చెబుతాను" అన్నాను.

ముప్ఫై ఆరుకి తీసుకున్నాడు. వేలు ఎక్కడుందో చూశాను. తాత వాచీ మీదే ఉంది, కళ్ళూ దాని మీదే ఉన్నాయి. సరైన చోటికే వెళ్ళింది. ఆయన దాన్ని జేబులో పెట్టుకున్నాడు. తమ్ముడు మెట్టు మీదనుంచి లేచి నిలబడ్డాడు, ఎవరో పెద్దవాళ్ళు వెళుతున్నట్టు.

పద్దెనిమిది, పద్దెనిమిది. ఇక విలువ లేనివి రెండూ మిగిలాయి. "మెరిసేది నువ్వే తీసుకో, నీకదే ఇష్టం" అన్నాడు. కొట్టబోయాను. తీసుకున్నాను కూడా. వాడు అద్దం చీలినదాన్ని చేతికి పెట్టుకున్నాడు. పట్టీ ఆఖరి రంధ్రం దగ్గర నాన్న చేతికి వంగిపోయి ఉంది. వాడికీ అదే రంధ్రం సరిపోయింది.

మార్చి 26, బుధవారం

అత్త ఫోన్ చేసింది. తమ్ముడు వచ్చి వెళ్ళాడట. అత్త ముందు మాత్రమే కాదు, ఆ రోజు ఇంట్లో ఉన్న వాళ్ళందరికీ వరసగా ఫోన్లు చేశాడట, అత్త పక్కన కూర్చుని. "మా అక్క తెచ్చిన రేటే సరైన రేటు, నేనే నోరు జారాను" అని. తొమ్మిది మందికి. ఒకాయనకి ఏ గొలుసో కూడా గుర్తులేదట. ఆయనకి కథంతా మొదట్నుంచీ చెప్పి మరీ క్షమాపణ అడిగాడట.

"ఇక నాకు మీ తీగ ఉద్యోగం లేనట్టేనా?" అంది అత్త. గొంతులో కాస్త దిగులు కూడా ఉంది.

మార్చి 30, ఆదివారం

రాయబోతూ అలవాటుగా వెనక అట్ట తిప్పి చూశాను, చీటీ ఉందా అని. పిన్ను గుచ్చిన రెండు చిల్లులున్నాయి. అంతే.

మధ్యాహ్నం తమ్ముడు ఫోన్ చేశాడు, సూటిగా నాకే. నాన్న వాచీ ఆగిపోయిందట. పాడైందేమో, భూతద్దాయన దగ్గరికి తీసుకెళదామా అని కంగారు.

"కీ ఇచ్చావా?" అన్నాను.

"మొన్న ఇచ్చాను."

"మొన్న ఇస్తే ఇవాళ ఎలా నడుస్తుందిరా? రోజూ ఇవ్వాలి. పొద్దున్నే, ఒకే వేళకి. నాన్న ఆరింటికి ఇచ్చేవాడు."

"నాకు గుర్తుండదక్కా. నువ్వు గుర్తు చేస్తావా?"

"రోజూనా?"

"రోజూ."

రేపు ఆరింటికి ఫోన్ చేయాలి.